అవ్వకు నిజం చెప్పాలా?

కరెంటు రాని యంత్రం నొప్పి తగ్గిస్తుందా? తగ్గించిందే అనుకోండి, ఆ సంగతి నొప్పి తగ్గిన మనిషికి చెప్పాలా, వద్దా? పోయిన దీపావళి సెలవుల్లో ఈ రెండు ప్రశ్నలు మా ఇంట్లోకి వచ్చాయి. మొదటిదానికి మా సైన్స్ సార్‌ను అడిగి, కొంత చదివి జవాబు వెతుక్కున్నాను. రెండోదానికి నేనే జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది అంటారు కాబట్టి ఇంటి విషయం పత్రికకు రాయడానికి ముందు అవ్వను అడిగాను. "రాస్కో, కానీ నా పేరు రాయకు" అంది. అందుకే రాస్తున్నాను.

మా అవ్వ నలభై ఏళ్ళకు పైగా బీడీలు చేసింది. మన షోలాపూర్ తూర్పు భాగంలో ఉండేవాళ్ళకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు. మగవాళ్ళు పవర్‌లూమ్ దగ్గర నిలబడితే, ఆడవాళ్ళు ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చున్నారు. ఆకు కత్తిరించాలి, తంబాకు పోయాలి, చుట్టాలి, దారం కట్టాలి, వెయ్యి లెక్క చూపించాలి. అంతసేపూ కాళ్ళు మడుచుకునే ఉండాలి. అలా మడిచిన మోకాళ్ళు ఇప్పుడు ముడిస్తే చాపనియ్యవు, చాపితే ముడవనియ్యవు.

పని మానే ముందు రెండు మూడేళ్ళు మోకాళ్ళు నొస్తున్నాయని అవ్వ చెప్తే ఎవరూ నమ్మలేదట. బీడీలు తక్కువైతే కార్ఖానాలో ఒళ్ళు వంగట్లేదన్నారు. ఇంట్లో పని తప్పించుకోవడానికన్నారు. చివరికి డాక్టర్ ఎక్స్‌రే తీయించి, కుడి మోకాలి కీలు అరిగిందని నాన్నకు చూపించాడు. ఆ రోజు అవ్వ ఏడవలేదు, సంతోషపడింది. ఆ ఎక్స్‌రేను ఇప్పటికీ బీరువాలో చీరల కింద దాచుకుంది. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మాత్రలు ఎక్కువ వేసుకుంటే కడుపులో మంట. అందుకని డాక్టర్ ఫిజియోథెరపీకి పంపాడు. అక్కడ "కరెంటు పెట్టారు". వినడానికి భయంగా ఉంటుంది కానీ అది చిన్న పెట్టె. దాన్ని టెన్స్ అంటారు. చర్మం మీద జిగురు పట్టీలు రెండు అంటించి, తీగలోంచి చిన్న చిన్న విద్యుత్ తరంగాలు పంపుతారు. షాక్ కొట్టదు, "చీమలు పాకినట్టు జుమ్ము జుమ్మంటది" అని అవ్వ చెప్పింది. కొన్నాళ్ళకు నాన్న ఇంటికే ఒకటి కొన్నాడు. కొనకముందు ఫిజియోథెరపీ మేడమ్ గుండెలో పేస్‌మేకర్ ఉందా అని అడిగింది. గొంతు ముందు భాగం మీద, పుండు ఉన్న చోట పెట్టకూడదని చెప్పింది. మంచం మీద కూర్చుని కాలు నిటారుగా చాపి పది లెక్కపెట్టేదాకా ఆపే వ్యాయామం కూడా నేర్పింది. రోజూ సాయంత్రం పట్టీలు పెట్టడం, వ్యాయామం చేయించడం, నొప్పి ఎంత ఉందో నోట్‌బుక్‌లో రాయడం నా పని.

నొప్పిని సున్నా నుంచి పది దాకా అంకెలో చెప్పమంటారు. అవ్వకు అది నచ్చలేదు. "పదికి ఎంత అంటే నాకేం ఎరుక? రూపాయిల అడుగు, చెప్త" అంది. అప్పటినుంచి మా నోట్‌బుక్‌లో అన్నీ అణాలే. యంత్రం కొనక ముందు బారాణా. పదిహేను రోజులు పెట్టాక ఆఠాణా. అంటే పావలా నొప్పి తగ్గింది. పావలా అంటే నవ్వకండి. ఆ పావలా వల్లనే అవ్వ రాత్రిపూట గోడ పట్టుకోకుండా లేచి వెళ్తోంది.

ఒక సోమవారం పండుగ శుభ్రం చేస్తూ మంచం జరిపాం. తీగ మంచం కోడు కింద నలిగింది. నేను చూడలేదు. శనివారం సాయంత్రం తమ్ముడు ఆటగా పట్టీ తన చేతికి అంటించుకుని "అక్కా, ఏం రాట్లేదు" అన్నాడు. నేనూ పెట్టుకుని చూశాను. పెట్టె మీద దీపం మిణుకుమంటోంది, కరెంటు మాత్రం లేదు. పిన్ను దగ్గర తీగ లోపల తెగిపోయింది. నోట్‌బుక్ తెరిచి చూస్తే సోమవారం నుంచి అన్ని రోజులూ ఆఠాణానే ఉంది. ఒక రోజైతే ఆఠాణా కంటే తక్కువే చెప్పింది. రోజూ బటన్ తిప్పి "వస్తాందా అవ్వా?" అని అడిగాను. "ఆఁ, వస్తాంది" అంది.

చిన్నాయన పడీ పడీ నవ్వాడు. "చూసినవా, అంతా మనసుల్నే ఉంది. నొప్పి లేదు, ఏం లేదు" అన్నాడు. నాన్న నవ్వలేదు. "తగ్గింది గదా, ఎందుకు చెడగొట్టుడు? మెల్లగ కొత్త తీగ తెస్త, అప్పటిదాకా చెప్పకు" అన్నాడు. అమ్మ చపాతీలు చేస్తూ "రేపు ఎట్లన్న తెలిస్తే పిల్లను మల్ల నమ్ముతదా?" అని ఒక్క మాట అంది.

నాన్న మాట విన్నాను. శనివారం, ఆదివారం తెలిసి తెలిసి ఉత్త పెట్టె పెట్టాను. నోటితో అబద్ధం ఆడలేదు కదా అని సర్దిచెప్పుకున్నాను. కానీ మౌనంగా ఉండటం ఒకటి, బటన్ తిప్పడం ఇంకొకటి. ఆ రెండు సాయంత్రాలు నా చెయ్యి అబద్ధమాడింది. ధర్మరాజు కూడా అశ్వత్థామ చచ్చాడని గట్టిగా చెప్పి, ఏనుగు అన్న మాట మెల్లగా అన్నాడు. అప్పటిదాకా నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున నడిచిన ఆయన రథం నేలకు తగిలిందని భారతంలో ఉంది. మాటల లెక్కలో తప్పు లేకపోయినా రథానికి తెలిసిపోయింది.

మా తెలుగు సార్ వామనావతారం చెప్పినప్పుడు శుక్రాచార్యుడి మాట మీద క్లాసులో చాలాసేపు మాట్లాడుకున్నాం. కొన్ని సందర్భాల్లో అబద్ధం ఆడినా పాపం లేదని గురువు బలికి చెప్తాడు. బలి వినడు. నాన్న చెప్పింది శుక్రాచార్యుడి దారే కదా అనుకున్నాను. కానీ తేడా ఉంది. బలి మాట నిలుపుకుంటే నష్టపోయేది బలి. నేను నిజం చెబితే నొప్పి పడేది నేను కాదు, అవ్వ. ఇంకొకరి మోకాలి మీద నేను సత్యవ్రతం చేయడం న్యాయమేనా? ఇక్కడ నేను నిజంగా ఆగిపోయాను. నిజం చెప్పాలి అని తేలిగ్గా అనేవాళ్ళు ఈ ప్రశ్న దాటుకుని వెళ్ళాలి.

అందుకని, అసలు నేను చెప్పబోయే నిజం ఏమిటో ముందు తెలుసుకుందాం అనుకున్నాను. చిన్నాయన చెప్పినట్టు "నీకు నొప్పే లేదు" అన్నదేనా నిజం?

కరెంటుతో నొప్పి తగ్గించడం కొత్త సంగతి కాదు. దాదాపు రెండు వేల ఏళ్ళ కింద రోమ్‌లో స్క్రిబోనియస్ లార్గస్ అనే వైద్యుడు కీళ్ళవాతానికి విచిత్రమైన వైద్యం రాశాడు. సముద్రంలో కరెంటు కొట్టే చేప ఒకటుంటుంది. బతికున్న ఆ చేప మీద, తడి ఒడ్డున, కాలు మోకాలి దాకా తిమ్మిరెక్కే వరకు రోగిని నిలబెట్టాలట! కరెంటు అనే మాట కూడా అప్పటికి లేదు.

ఎందుకు తగ్గుతుంది అన్నదానికి 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక వివరణ ఇచ్చారు. మనకు గడప తగిలితే ఏం చేస్తాం? వెంటనే చేత్తో రుద్దుకుంటాం. కొంచెం తగ్గుతుంది. స్పర్శను మోసే నరాలు లావు, నొప్పిని మోసే నరాలు సన్నం. రెండూ వెన్నుపాములోకే వస్తాయి. అక్కడ ఒక తలుపు లాంటి ఏర్పాటు ఉందని, స్పర్శ వార్తలు ఎక్కువగా వస్తే ఆ తలుపు దగ్గరపడి నొప్పి వార్తలు పైకి తక్కువగా పోతాయని వాళ్ళు చెప్పారు. 1967లో వాల్, విలియం స్వీట్ అనే డాక్టర్‌తో కలిసి, రోగుల కంటే ముందు తమ మీదే పరీక్షించుకున్నాడు. కంటి కింది నరం దగ్గర సూదులు పెట్టుకుని కరెంటు పంపుకున్నారు. టెన్స్ యంత్రం ఆ ఆలోచనలోంచి వచ్చిందే. అవ్వ చెప్పిన "జుమ్ము జుమ్ము" లావు నరాల మాట.

వాళ్ళు ఇంకో సంగతి కూడా చెప్పారు. ఆ తలుపును కింది నుంచి వచ్చే వార్తలే కాదు, పై నుంచి మెదడు కూడా కదుపుతుంది. భయపడితే తెరుచుకుంటుంది, ధైర్యం వస్తే దగ్గరపడుతుంది. తలుపు బొమ్మలో కొన్ని వివరాలు తర్వాతి పరిశోధనల్లో మారాయి గానీ, మెదడు నొప్పిని ఊరికే అందుకోదు, పెంచుతుంది, తగ్గిస్తుంది అన్న మాట నిలిచింది.

1978లో అమెరికాలో పన్ను పీకించుకున్నవాళ్ళ మీద ఒక పరిశోధన జరిగింది. మందు లేని ఉత్త సూది వేసినా కొందరికి నొప్పి తగ్గింది. తర్వాత వాళ్ళకు నలొక్సోన్ అనే మందు ఇచ్చారు. అది నల్లమందు జాతి మందుల పనిని ఆపేస్తుంది. అది ఇవ్వగానే, ఉత్త సూదితో తగ్గినవాళ్ళకు నొప్పి మళ్ళీ పెరిగింది. అంటే వాళ్ళ ఒళ్ళే లోపల నొప్పి తగ్గించే పదార్థాన్ని తయారు చేసుకుందన్నమాట. నమ్మకం ఒళ్ళులో పని చేస్తుంది. ఇది చదివాక చిన్నాయన వాదం నిలబడదని నాకు అర్థమైంది. ఉత్త మందుతో తగ్గిందంటే నొప్పి ఉత్తది అని కాదు. తగ్గడం నిజం, తగ్గకముందు ఉన్నదీ నిజం.

మరి యంత్రం సంగతేమిటి? ఇక్కడ కూడా నిజం ఒక్క ముక్కలో లేదు. 1990లో అమెరికాలో పాత నడుంనొప్పి ఉన్న 145 మందితో ఒక పరీక్ష చేశారు. కొందరికి అసలు టెన్స్, కొందరికి కరెంటు రాని పెట్టె. నెల రోజుల తర్వాత చూస్తే రెండు గుంపులకూ పెద్ద తేడా లేదు. వ్యాయామం చేసినవాళ్ళకు మాత్రం కొంత మేలు కనిపించింది. ఇంకో రెండు నెలలకు చూస్తే వాళ్ళలో చాలామంది వ్యాయామం మానేశారు, మేలు కూడా పోయింది. (ఈ భాగం చదివి వినిపించినప్పుడు అవ్వ "మన లెక్కనే ఉన్నరు" అంది.) కానీ 2022లో 381 పరీక్షలను కలిపి చూసినవాళ్ళు, యంత్రం పెట్టి ఉన్నప్పుడు, తీసిన వెంటనే, ఉత్త పెట్టె కంటే అసలు పెట్టె నొప్పిని ఎక్కువ తగ్గిస్తుందని తేల్చారు. రెండూ చదివి నేను ఇలా అనుకుంటున్నాను: పెట్టె కొంత చేస్తుంది, కాలు చాపి పది లెక్కపెట్టడం కొంత చేస్తుంది, పక్కన ఒకరు కూర్చుని "ఎన్ని అణాలు?" అని అడగడం కూడా కొంత చేస్తుంది. ఆ ఏడు రోజులు మా అవ్వకు మొదటిది లేదు, మిగతా రెండూ ఉన్నాయి.

ఇలాంటి పరీక్షల్లో ఉత్త పెట్టె ఇవ్వడం మోసం కాదా అని మా సార్‌ను అడిగాను. "ముందే చెప్తారు. నీకు అసలుది రావచ్చు, ఉత్తది రావచ్చు, ఏదో చెప్పం, ఒప్పుకుంటావా అని అడిగి సంతకం తీసుకుంటారు" అన్నారు. అంటే తెలియకపోవడానికి వాళ్ళు ఒప్పుకున్నారు. అవ్వ ఒప్పుకోలేదు. నాన్నా నేనూ ఆమె బదులు ఒప్పుకున్నాం.

ఇంకొకటి నన్ను ఆశ్చర్యపరిచింది. 2010లో బోస్టన్‌లో పేగుల జబ్బుతో బాధపడే 80 మంది మీద ఒక పరీక్ష చేశారు. సగం మందికి మాత్రలిస్తూ "ఇందులో మందు లేదు" అని ముఖం మీదే చెప్పారు. ఇలాంటి మాత్రలతో కూడా ఒళ్ళు స్పందించగలదని కూడా చెప్పారు. మూడు వారాల తర్వాత, ఏ మాత్రా తీసుకోనివాళ్ళ కంటే వాళ్ళకే ఎక్కువ ఉపశమనం కలిగింది. ఒక్క పరీక్షతో అన్నీ తేలిపోవు. అయినా "నిజం చెప్తే మేలు పోతుంది" అన్న నాన్న మాట ఎప్పుడూ నిజం కానక్కరలేదని దీంతో తెలిసింది.

ఇదంతా చదవడానికి తీరిక ఉంటే బాగుండేది. నిజానికి సగం తర్వాత చదివాను. నన్ను తొందరపెట్టింది పక్కింటి అత్త. ఆమె ఇంకా బీడీలు చేస్తోంది, ఆమె మోకాళ్ళూ అంతే. ఆదివారం వచ్చి, "మీ అవ్వకు మంచిగైందట గదా, నాకు భిశీ ఎత్తితే నేను గూడ కొంట" అంది. అవ్వ పక్కనే ఉండి "కొను, కండ్లు మూసుకొని కొను" అంది. నేను నోరు తెరవలేదు. ఎన్ని వేల బీడీలు చుడితే ఆ పెట్టె వస్తుందో మనసులో లెక్క వేసుకుంటూ నిలబడ్డాను. అవ్వ నొప్పి కోసం దాచిన మాట అవ్వ నోటి నుంచే పక్కింటికి పోతోంది. దాన్ని నేను ఆపలేను.

సోమవారం సాయంత్రం పట్టీలు పెట్టకుండా చెప్పాను. తీగ ఎప్పుడు నలిగిందో, ఎట్లా తెలిసిందో అంతా చెప్పాను. అవ్వ కాసేపు మాట్లాడలేదు. తర్వాత నేను అనుకున్న ప్రశ్న అడగలేదు. "అంటే నాది దొంగ నొప్పి అంటరా?" అంది. "బీరువల ఆ ఫొటో తియ్యి."

ఎక్స్‌రే తీసి ఇచ్చాను. కిటికీ వెలుగుకు పెట్టి చూసింది. కీలు అరిగినట్టు కనిపించే చాలామందికి నొప్పి ఉండదని, ఏమీ కనిపించనివాళ్ళకు ఉండవచ్చని నేను అప్పటికే చదివాను. అంటే ఆ ఫొటోలో నొప్పి లేదు, ఎముక మాత్రమే ఉంది. ఇన్నేళ్ళూ మా ఇల్లు అవ్వ మాట నమ్మలేదు, ఫొటోను నమ్మింది. మనిషి నొప్పిగా ఉందని చెప్తే ఆ మాటను గౌరవించాలని నొప్పి మీద పరిశోధించే అంతర్జాతీయ సంఘం 2020లో తన నిర్వచనంతో పాటు రాసుకుంది. 2020 దాకా ఎందుకు ఆగారో! మెల్జాక్ ఈ పని ముందే చేశాడు. రోగులు నొప్పికి వాడే మాటలన్నీ పోగుచేసి 1975లో ఒక ప్రశ్నపత్రం తయారుచేశాడు. మన భాషలో చేస్తే ఆయనకు ఇంకా చాలా దొరికేవి. సలుపు, పోటు, తీపు, మంట, గుంజుడు, కలుక్కుమనడం, పీకడం. అవ్వ ఒక్క మోకాలికే నాలుగు వాడుతుంది.

"దొంగ నొప్పి కాదు అవ్వా. తీగ తెగింది నిజం, నీకు తగ్గింది గూడ నిజం" అన్నాను. నరాల సంగతి, పన్ను పీకించుకున్నవాళ్ళ సంగతి వచ్చినట్టు చెప్పాను. సగం విన్నది. తర్వాత అడిగింది, "నీకు ఎప్పుడు తెలిసింది?"

"శనివారం."

"శనివారం తెలిస్తే శనివారమే చెప్పాలె. రెండు దినాలు ఉత్త పెట్టె కట్టి నా ముందల కూచున్నవ్. నేను పక్కదానికి కొనుమని చెప్పంగ గూడ విన్నవ్."

దీనికి నా దగ్గర జవాబు లేదు. నాన్న చెప్పాడని అనబోయి ఊరుకున్నాను.

ఆ రాత్రి నొప్పి బారాణాకు పోయింది. ఇది దాచకుండా రాయాలి. నిజానికి ఖర్చు ఉంది, ఆ ఖర్చు అవ్వ కట్టింది. మూడు రోజులు అట్లాగే ఉంది. నాన్న నా వైపు చూసిన చూపులో "చెప్పలేదా నేను" అన్న మాట ఉంది. నాలుగో రోజు కొత్త తీగ వచ్చింది. వారానికి మళ్ళీ ఆఠాణా. అది తీగ వల్లనా, కోపం చల్లారడం వల్లనా, ఎవరు చెప్పగలరు?

పక్కింటి అత్తకు అవ్వే చెప్పింది. "నా తీగ తెగి ఏడు దినాలు ఉత్తదే కట్టుకున్న, అయినా తగ్గింది. నువ్వు ముందు దవాఖానల నాలుగు దినాలు పెట్టించుకొని చూడు, కాలు చాపుడు నేర్చుకో, అప్పుడు కొను." అత్త ఇంకా కొనలేదు. భిశీ డబ్బులు కొడుకు ఫీజుకు పోయాయి. సాయంత్రం మా ఇంటికే వచ్చి అవ్వ పక్కన కూర్చుని కాలు చాపుతోంది. ఇద్దరూ కలిసి పది లెక్కపెడతారు, ఒక్కోసారి ఏడు దగ్గరే ఆపి పది అంటారు.

నోట్‌బుక్‌లో ఇప్పుడు వ్యాయామానికి ఇంకో గడి గీశాను. పెట్టె తెరవగానే అవ్వ "తీగ చూసినవా?" అంటుంది. పట్టీ ముందు నా చేతికి పెట్టుకుని, జుమ్మంటోందని చెప్పాక తన మోకాలు చాపుతుంది.